‘తోడు’ పదం – పెరుగు పుట్టుక: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
పాలు పెరుగు కావడానికి తోడు కావాలి. ఆ తోడు నిన్నటి పెరుగు నుంచి వస్తుంది. అయితే మొట్టమొదటి పెరుగుకు తోడు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ, పెరుగు తయారీకి సంబంధించిన తెలుగు పదాల ఆధారంగా ఆ ప్రక్రియను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. విరగడం – తోడుకోవడం:
‘పాలు విరిగాయి’, ‘పాలు తోడుకున్నాయి’ అనే రెండు వాక్యాలను తెలుగువారెవరూ ఒకదానికి బదులు మరొకటి వాడరు. రెండింటిలోనూ జరిగేది ఆమ్లప్రభావం వల్ల కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకట్టడమే. తాజా పాల పీహెచ్ విలువ సుమారు 6.6. అది 4.6కు చేరువైనప్పుడు కేసీన్ కణాలు పరస్పరం వికర్షించుకొనే గుణాన్ని కోల్పోయి దగ్గరవుతాయి. మరిగే పాలలో నిమ్మరసం పిండితే ఈ మార్పు క్షణాలలో జరిగి విరుగుడు, నీరు వేరవుతాయి. గోరువెచ్చని పాలలో ఇదే మార్పు గంటల తరబడి నెమ్మదిగా జరిగితే కేసీన్ వలలా అల్లుకొని నీటిని తనలోనే నిలుపుకొంటుంది. మొదటిది విరగడం, రెండవది తోడుకోవడం. ‘పేరుకొను’ అనే క్రియ నెయ్యికీ వర్తిస్తుంది. ఈ అర్థంలో ‘తోడుకొను’ పాలకు మాత్రమే చెల్లుతుంది.

3. తోడు చేసే పని:
పాలను కాచినప్పుడు అందులోని ఇతర సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. నీటిభాగంలోని మాంసకృత్తులు వేడికి రూపం మారి కేసీన్‌కు అతుక్కుంటాయి. కాచిన పాల పెరుగు గట్టిగా ఉండటానికి ఇదే కారణం. గోరువెచ్చగా చల్లారిన పాలలో తోడు వేసినప్పుడు అందులోని బాక్టీరియా పాలచక్కెరను ల్యాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. వీటిలో ఒక రకాన్ని బల్గేరియా పెరుగులో స్టామెన్ గ్రిగొరోవ్ 1905లో గుర్తించాడు. అదే ల్యాక్టోబాసిల్లస్ బల్గారికస్. యోగర్ట్‌లో ఇది స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్‌తో కలిసి పెరుగుతుంది. మొదటిది మాంసకృత్తులను విడగొట్టి రెండవదానికి పోషకాలను అందిస్తే, రెండవది ఫార్మిక్ ఆమ్లాన్ని, బొగ్గుపులుసు వాయువును ఇచ్చి మొదటిదాని ఎదుగుదలకు తోడ్పడుతుంది. మన ఇళ్ల పెరుగులో వీటితోపాటు తక్కువ వేడిలో పెరిగే ల్యాక్టోకాకస్ జాతులు కూడా ఉంటాయి.

4. మొదటి తోడు:
తైత్తిరీయ సంహిత రెండవ కాండ పాలను తోడుపెట్టే పదార్థాలను ప్రస్తావిస్తూ పూతీక మొక్కను, రేగుపండ్లను, బియ్యాన్ని, పెరుగును పేర్కొంటుంది. అంటే పెరుగే తోడుగా స్థిరపడకముందు గానీ, దానితోపాటు గానీ వృక్షసంబంధ పదార్థాలు ఆ పని చేశాయి. తోడు అయిపోయినప్పుడు పాలలో మిరపకాయ తొడిమలు వేసే అలవాటు నేటికీ ఉంది. తొడిమలపై సహజంగా ఉండే ల్యాక్టిక్ బాక్టీరియా పాలలో పెరుగుతుంది. కనుక మొదటి తోడు ప్రకృతిలోనే ఉంది. దానిని రోజూ కొంత మిగిల్చి కాపాడటం మానవ ప్రయత్నం.

5. ముగింపు:
తోడుపెట్టే పదార్థానికి సంస్కృతంలో ‘ఆతంచనం’ అని పేరు. గడ్డకట్టించేది అని దాని అర్థం. తెలుగు ‘తోడు’ సహాయాన్ని, సాహచర్యాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. ఈ అర్థాల మూలం ఒకటేనా అన్నది వ్యుత్పత్తి విచారణకు చెందిన విషయం. పెరుగు ప్యాకెట్లలో వస్తున్నకొద్దీ రాత్రి తోడు మిగల్చడం ఆగిపోతుంది. దానితో ఆ ఇంటి సూక్ష్మజీవుల పరంపర, ‘తోడు’, ‘చేమిరి’, ‘కవ్వం’ వంటి పదాల వాడుక తెగిపోతాయి. ‘ల్యాక్టిక్ ఆమ్ల కిణ్వనం’ అని పరీక్షలో రాసే విద్యార్థికి అది తన ఇంటి తోడేనని తెలియకపోవడం భాషాబోధనకు సంబంధించిన లోపం కూడా. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం వెలువడింది. పనిని, పనిముట్టును, పదాన్ని కలిపి సేకరించే ఆ పద్ధతిని పరిశోధకులు వంటింటికి అన్వయించవలసిన అవసరం ఉంది. ఆ పదాలను పనిలో వాడిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది.