సాయంకాలమునకు వ్రాలు కనుఱెప్పలు



నేను బడిపంతులుగా నున్న దినములలో నొక బాలుఁడు ఉదయమున పద్యము గణగణమని చదివెడివాఁడు. బడి విడుచువేళకు వాని మాట ముద్దయగును, కనుఱెప్పలు వ్రాలును. సోమరితనమని నేను మందలించితిని. పిమ్మట వైద్యులు పరీక్షించి, అది మయస్థీనియా గ్రేవిస్ అను వ్యాధి యని చెప్పిరి. నాఁటి నా తొందరపాటునకు ఈ ప్రసంగము ప్రాయశ్చిత్తము.

పనిచేసినకొలఁది బలము తగ్గుట, విశ్రమించిన మరల వచ్చుట దీని లక్షణము. ఉదయమున ధారాళముగ మాటలాడి, పిమ్మట మాట పడిపోయెడి యొక స్త్రీని గూర్చి ఆంగ్లవైద్యుఁడు థామస్ విల్లిస్ 1672లోనే వ్రాసెను.

కండను కదలింపవలసినపుడు నాడికొసనుండి ఎసిటైల్ కోలిన్ అను ద్రవ్యము వెలువడును. దాని నందుకొనుటకు కండపై గ్రాహకములు కలవు. ఉత్తరము వచ్చినను తలుపు తీయువారు లేనిచో వార్త లోనికిఁ జేరదు గదా! ఈ రోగులలో ననేకుల రక్తమందు ఆ గ్రాహకములనే చెఱచు ప్రతిరక్షకములు పుట్టుచున్నవి. 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ అను శాస్త్రజ్ఞులు విద్యుత్తునిచ్చు ఈల్ చేఁపనుండి తీసిన గ్రాహకములను కుందేళ్లకు సూదితో నెక్కింపఁగా, వానికిని ఇట్టి దౌర్బల్యమే కలిగెను.

దేహరక్షకు నేర్పడినవి దేహమునే యేల బాధించును? రక్తములోని తెల్లకణములలో బీ కణములు ప్రతిరక్షకములను చేయును. సహాయక టీ కణములు వానిని పురికొల్పును. నియంత్రక టీ కణములు “ఇది మనదే, ఆఁగుము” అని వారించును. ఈ వ్యాధియందు వారించు కణముల శక్తి సన్నగిల్లుటయు, పురికొల్పునవి మీఱుటయు పరిశోధకులు పలువురు రోగులలోఁ గనుఁగొనిరి. దోషముల సామ్యమే ఆరోగ్యమని మన ఆయుర్వేదము చెప్పును. ఆ దోషములును ఈ కణములును ఒకటే యని నేననను. సామ్యమను మాట బోధపడుటకై దీనిని దలఁచితిని.

టీ కణములకు పాఠశాల రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథి. తనవారిని గుర్తింపలేని కణములు చాలవఱకు అక్కడనే తొలఁగింపఁబడును. అనేక రోగులలో నీ గ్రంథియే చెడియుండును. నూటికి పదిమొదలు పదునైదుగురిలో దానియందు గడ్డ యుండును. గడ్డ లేని రోగులలోఁ గొందఱికిని ఆ గ్రంథిని తీసివేయుట మేలు చేయునని 2016లో వెలువడిన పరీక్షాఫలితములు చూపినవి.

1934లో మేరీ వాకర్ అను వైద్యురాలు ఎసిటైల్ కోలిన్‌ను నిలుపు మందుతో బలము మరలునని చూపెను. నేఁడు అట్టి మాత్రలతోఁబాటు, మీఱిన కణముల నణఁచు మందులును కలవు. వీనిని తమంతట తాము మానరాదు. ఇతర వ్యాధికి మందు పుచ్చుకొనునపుడు ఈ వ్యాధి సంగతి ముందుగాఁ జెప్పవలయును. కొన్ని మందులు దీనిని ముదిరించును. మ్రింగుటకుఁ గాని, ఊపిరికిఁ గాని కష్టమైనచో క్షణమైనను జాగుచేయక ఆసుపత్రికిఁ జేర్పుఁడు.

పెద్దలారా! మీ యింట నెవరి కనుఱెప్పలైనను సాయంకాలమునకు వ్రాలుచున్నచో, సోమరియని నావలె నిందింపకుఁడు; దృష్టిదోషమని దిగఁదుడిచి యూరకుండకుఁడు. వైద్యునికిఁ జూపుఁడు.