లినక్సు పంపిణీలు, ప్యాకేజీల తయారీ: తెలుగు ఫాంట్లు ఉదాహరణగా

కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు విద్యార్థికి బహులిపి జీవితం కొత్త కాదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పై చదువుల్లో ఇంగ్లీషు. గుణుపురం పరిసరాల సొర భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన ప్రత్యేక లిపి కూడా ఉంది. ఈ లిపులన్నీ ఒకే కంప్యూటరులో సరిగా కనిపించాలంటే యూనికోడ్‌లో చోటు దొరికితే చాలదు. తెలుగు, ఒడియా లిపులకు 1991లోనూ, సొర లిపికి 2012లోనూ ఆ చోటు దొరికింది. అయినా అక్షరాన్ని గీసే ఫాంటు యంత్రంలోకి చేరకపోతే తెరమీద మిగిలేవి ఖాళీ గడులే. లినక్సులో ఆ చేరవేతకు సాధనం ప్యాకేజీ. అందుచేత లినక్సు పంపిణీలను ప్యాకేజీల తయారీ దృష్టితో ఇక్కడ పోల్చి చూస్తున్నాం.

లినక్సు అన్నది నిజానికి ఒక కెర్నెల్ పేరు. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 1991లో విడుదల చేశాడు. ఆ కెర్నెల్‌కు గ్నూ పథకపు పనిముట్లు, ఇతర ప్రోగ్రాములు, ఫాంట్లు జతచేసి వాడుకకు సిద్ధం చేసిన కూర్పే పంపిణీ. స్లాక్‌వేర్, డెబియన్ 1993లో మొదలయ్యాయి. ఆర్చ్ 2002లో, ఫెడోరా 2003లో వచ్చాయి. 2004లో వచ్చిన ఉబుంటుకు డెబియన్ ఆధారం. మన దేశంలో సి-డాక్ రూపొందించిన బాస్, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెచ్చిన తెలుగు పంపిణీ కూడా డెబియన్ పునాదిమీద కట్టినవే.

ప్యాకేజీని సరుకు మూటతో పోల్చవచ్చు. మూటలో సరుకు ఉంటుంది, పైన ఒక చీటీ ఉంటుంది. సరుకు అంటే ప్రోగ్రాము ఫైళ్ళు. చీటీమీద పేరు, సంచిక సంఖ్య, ఇది పనిచేయడానికి ముందుగా ఉండవలసిన ఇతర ప్యాకేజీల జాబితా, బాధ్యుల పేరు ఉంటాయి. పంపిణీల మధ్య తేడా ముఖ్యంగా ఈ చీటీని రాసే పద్ధతిలోనే కనిపిస్తుంది.

డెబియన్‌లో మూలానికి ‘డెబియన్’ అనే ఫోల్డరు చేరుస్తారు. అందులో పరిచయానికి, ఆధారాలకు ‘కంట్రోల్’ ఫైలు, తయారీ క్రమానికి ‘రూల్స్’, మార్పుల చరిత్రకు ‘ఛేంజ్‌లాగ్’, అనుమతి షరతులకు ‘కాపీరైట్’ ఉంటాయి. పని విభజన స్పష్టంగా ఉంటుంది గాని, కొత్తవారికి ఇన్ని ఫైళ్ళు కొంత బరువనిపిస్తాయి. ఫెడోరాలో ఇదంతా ‘స్పెక్’ అనే ఒకే ఫైలులో ఇముడుతుంది. పరిచయం, తయారీ ఆజ్ఞలు, ఫైళ్ళ జాబితా వరుసగా చదువుకోవచ్చు. ఆర్చ్‌లో ‘పీకేజీబిల్డ్’ అనే చిన్న షెల్ స్క్రిప్టు సరిపోతుంది. నేర్చుకోవడానికి ఇదే సులభం. స్లాక్‌వేర్ సొంత పనిముట్లు ఆధారాల లెక్క చూడవు. ఏది లేదో వాడుకరే కనిపెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను డెబియన్ ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అనే ఒకే మూటలో ఇచ్చింది. ఫెడోరాలో అవి రెండు వేర్వేరు ప్యాకేజీలుగా వచ్చాయి. అక్షరం మారలేదు, కట్టిన తీరు మారింది. ఒకే మూట అయితే వెతుకులాట తక్కువ. వేర్వేరుగా ఉంటే కావలసినదే తీసుకోవచ్చు, ఒకదానిలో దోషాన్ని సరిదిద్దినప్పుడు రెండోదాన్ని కదిలించనక్కరలేదు.

ఇక్కడ అనుమతి షరతులు ముఖ్యం. ఉచితంగా వాడుకోవచ్చు, మార్చరాదు అనే ఫాంటు డెబియన్ ప్రధాన భాండాగారంలో చేరదు. పోతన, వేమన చేరగలిగాయంటే వాటిని మార్చుకునే, పంచుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చినందువల్లనే. ఫాంటు ఎంత అందంగా ఉన్నా ఆ ఒక్క మాట రాసి ఉండకపోతే మూట కట్టడానికి వీలుండదు.

ఇంటర్నెట్ అంతంత మాత్రంగా ఉండే కొండ ప్రాంతపు బడికి మరో ప్రశ్న ఉంది. పెన్‌డ్రైవులో ఒక్క ప్యాకేజీ తీసుకుపోతే, అది ఇంకో ప్యాకేజీ కావాలంటుంది. డెబియన్‌లో ‘ఆప్ట్’, ఫెడోరాలో ‘డీఎన్‌ఎఫ్’ ఈ ఆధారాలను తామే వెతికి తెస్తాయి. పట్నంలో అవసరమైనవన్నీ ఒక ఫోల్డరులోకి దించి, ‘డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్’తో గాని, ఫెడోరా అయితే ‘క్రియేట్‌రెపో’తో గాని సూచిక తయారుచేస్తే, ఆ ఫోల్డరే బడికి చిన్న భాండాగారమవుతుంది. తెలుగు, ఒడియా లోహిత్ ఫాంట్లు, సొర లిపి ఉన్న నోటో ఫాంట్లు అందులో ఉంచితే ఏ పిల్లవాడి భాషా గడులుగా మిగలదు.

అయితే ఏ పంపిణీ మేలు? ప్రారంభకులకు డెబియన్ కుటుంబమే అనుకూలమని మా అభిప్రాయం. బాస్, స్వేచ్ఛ వంటి వాటికి అదే మూలం కనుక ఒకచోట నేర్చినది మరోచోట పనికివస్తుంది. ప్యాకేజీ కట్టే పద్ధతిని అర్థం చేసుకోవడానికి మాత్రం ముందు ఆర్చ్ స్క్రిప్టు ఒకటి చదివి, తరువాత స్పెక్ ఫైలు, ఆపైన డెబియన్ ఫోల్డరు చూడడం మంచిది. మూడింటిలోనూ అడిగే ప్రశ్నలు అవే: సరుకు ఎక్కడిది, ఏ షరతుమీద ఇచ్చారు, దేనిమీద ఆధారపడింది, ఎవరు జవాబుదారీ?

నాలుగో ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. బాధ్యులు తప్పుకున్న ప్యాకేజీని డెబియన్ ‘అనాథ’గా ప్రకటిస్తుంది. ఫాంటు ఉన్నంతమాత్రాన భాష కంప్యూటరులో నిలవదు, దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘వస్త్రం’ అని టైపుచేసి ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూడడం, పడకపోతే ఏ ప్యాకేజీలో, ఏ సంచికలో లోపమో రాసి పంపడం విద్యార్థి చేయగల పనే. తెలుగుతోపాటు ఒడియా కూడా చదవగల మీరు రెండు లిపులనూ పరీక్షించగలరు. ఆ సౌకర్యం హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండే విద్యార్థులలో చాలామందికి లేదు.