లుకేమియా చికిత్సలో తోటివారి చేయూత

ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక బాలునికి పదిహేను రోజులుగా జ్వరం విడవదు. ముఖం పాలిపోతుంది. చర్మం మీద సన్నని ఎర్రచుక్కలు కనిపిస్తవి. రక్తపరీక్ష చేయిస్తే లుకేమియా, అనగా రక్తపు కాన్సరు, అని తేలుతుంది. మరునాటికి ఆ వార్త బడి అంతటా ప్రాకుతుంది. ఉపాధ్యాయులు వెళ్ళి చూస్తారు, ‘ఏమీ కాదు, ధైర్యంగా ఉండు బాబూ’ అని చెప్పి వస్తారు. ఆపైన ఏమి చేయవలెనో ఎవరికీ తోచదు. కొందరు ఏమి మాట్లాడవలెనో తెలియక వెళ్ళటమే మానివేస్తారు. అది దయ లేక కాదు, ఆ పిల్లవాని శరీరంలో ఏమి జరుగుతున్నదో తెలియక. ఈ చికిత్స రెండు మూడు సంవత్సరాలు సాగుతుంది. ఏ దశలో ఏ బాధ ఎందుకు వస్తుందో తెలిసినవారికి, ఎప్పుడు ఏ విధంగా ఆదుకోవచ్చునో కూడా తెలుస్తుంది.

ఎముకల లోపల ఉండే మెత్తని మూలుగలో రక్తకణాలు నిరంతరం పుడుతూ ఉంటవి. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తవి. తెల్లకణాలు సూక్ష్మజీవులతో పోరాడుతవి. ప్లేట్‌లెట్లు అనే చిన్న ఫలకాలు గాయమైన చోట రక్తం గడ్డకట్టటానికి తోడ్పడతవి. లుకేమియాలో తెల్లకణాలలోని ఒక తెగ పక్వానికి రాకుండానే లెక్కకు మించి విభజన చెందుతుంది. పొలంలో తుంగ అల్లుకొంటే పైరుకు చోటు ఉండదు గదా! అట్లే ఈ పనికిరాని కణాలు మూలుగనంతా ఆక్రమించి మిగిలినవాటిని పెరగనీయవు. ఎర్రకణాలు తగ్గటం వల్ల పాలిపోవటం, ప్లేట్‌లెట్లు తగ్గటం వల్ల చర్మంపై చుక్కలు, పనిచేసే తెల్లకణాలు తగ్గటం వల్ల జ్వరం వస్తవి. పిల్లలలో తరచుగా వచ్చే రకానికి తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని పేరు.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే బల్లపై కూర్చున్నా, ఒకే గ్లాసుతో నీరు త్రాగినా మరొకరికి రాదు. నిజానికి ప్రమాదం ఎదురు దిశలోనే ఉన్నది. తోటివారి జలుబూ, జ్వరమూ ఆ బాలునికి అంటుకొనవచ్చును.

ఈ వ్యాధికి మొదటి మందు వెదకిన చరిత్రలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ పరిశోధనాలయంలో పనిచేశారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. ఆ వ్యాధిలో ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే పరిశోధనశాలలో తయారు చేసింది. కణం విభజన చెందటానికి ముందు తన డి.ఎన్.ఏ.కు మరొక ప్రతి తయారు చేసుకోవలెను. అందుకు ఫోలిక్ ఆమ్లం కావలెను. అయితే ఫోలిక్ ఆమ్లం వలెనే ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థాన్ని కణానికి అందిస్తే? తాళంలో దూరి తిరగని తాళపుచెవి వలె అది కణం పనిని ఆపివేస్తుంది. లెడర్లీలో తయారైన అమినాప్టెరిన్ అటువంటిదే. బోస్టన్ నగరంలో డాక్టరు సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూచారు. 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ చికిత్సలో వాడుతున్నారు.

ఒక్క మందుతో వ్యాధి మళ్ళీ తిరుగబెట్టేది. 1960 దశాబ్దంలో అనేక మందులను కలిపి, వరుస క్రమంలో ఇవ్వటం నేర్చిన తరువాత నిజంగా నయమైన పిల్లల సంఖ్య పెరగసాగింది. ఈనాడు సంపన్న దేశాలలో పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమంది పిల్లలు బ్రతుకుతున్నారు. భారతదేశంలో ఈ సంఖ్య ఇంకా తక్కువగానే ఉన్నది. మందులు చాలవరకు అవే. చికిత్సను మధ్యలో మానివేయటం, సూక్ష్మజీవుల దాడి ఇందుకు ముఖ్యకారణాలలోనివి. ఈ రెండు విషయాలలోను ఇరుగుపొరుగువారు, బడి చేయగలిగినది చాలా ఉన్నది.

కీమోథెరపీ అనే రసాయన చికిత్సలోని మందులు పెక్కు వేగంగా విభజన చెందే కణాన్ని పట్టుకొంటవి. అది రోగకణమా, ఆరోగ్యకణమా అని చాలవరకు విచారించవు. శరీరంలో సహజంగానే వేగంగా విభజన చెందే కణాలు మూడు చోట్ల ఉన్నవి: మూలుగలో, నోటి నుండి పేగుల వరకు ఉన్న లోపలి పొరలో, వెంట్రుకల కుదుళ్ళలో. చికిత్సలో కలిగే బాధలలో పెక్కు ఈ మూడు చోట్లనే పుడతవి.

వీటిలో ప్రాణానికి సంబంధించినది మూలుగ. ఆరోగ్యవంతుని రక్తంలో ఘనమిల్లీమీటరుకు సుమారు 4,000 నుండి 11,000 తెల్లకణాలు ఉంటవి. మందు ఇచ్చిన ఏడు నుండి పధ్నాలుగు రోజుల మధ్య ఇవి సాధారణంగా బాగా తగ్గుతవి. వీటిలో సూక్ష్మజీవులను మ్రింగివేసే న్యూట్రోఫిల్ కణాలు 500 కన్న తగ్గితే, ఇతరులకు రెండు రోజులలో పోయే జ్వరం కూడా ఈ బాలునికి ప్రాణాంతకం కావచ్చును. శరీరపు వేడి 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరితే జ్వరం మాత్ర ఇచ్చి తెల్లవారేదాక చూడరాదు. అది అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి చేర్చవలెను. పల్లెలో ఒక కుటుంబానికి ‘మేమున్నాము’ అని చెప్పదలచినవారు, ఆ రోజులలో రాత్రి పిలిస్తే వచ్చే ఆటో ఎవరిదో, ఎవరు తోడు వెళతారో ముందే నిర్ణయించి చెప్పటం కన్న మంచి మాట మరొకటి లేదు.

పరామర్శకు వెళ్ళే పద్ధతి కూడా దీనిని బట్టియే ఉండవలెను. ఇంటిల్లిపాదీ పిల్లాజెల్లలతో మంచం చుట్టూ చేరటం మన వాడుక. తెల్లకణాలు తగ్గిన వారంలో అది ఉపకారం కాదు. జలుబు ఉన్నవారు వెళ్ళరాదు. వెళ్ళినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గుమ్మంలో నిలిచి పది నిమిషాలు మాట్లాడి వచ్చినా చాలును. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గాని, తట్టు గాని వచ్చినట్లయితే ఆ సంగతి అదే రోజున బాలుని తల్లిదండ్రులకు చెప్పటం ఉపాధ్యాయుని బాధ్యత. ఆ వార్త వెంటనే అందితే వైద్యులు ముందుగా రక్షణ ఇవ్వగలరు. ఆలస్యమైతే అవకాశం తగ్గిపోతుంది.

రక్తదానం విషయంలోను ఇట్లే జరుగుతుంది. వార్త తెలిసిన మొదటి రోజున ఇరవైమంది యువకులు ఆసుపత్రి ముందు నిలుస్తారు. కాని దానం చేసిన ప్లేట్‌లెట్లు సుమారు అయిదు రోజులకు మించి నిలువ ఉండవు. రక్తం ఇచ్చిన పురుషుడు మరల ఇవ్వటానికి మూడు నెలలు ఆగవలెను. అందరూ ఒకే రోజున ఇస్తే ఆరవ వారంలో ఇచ్చేవారు ఉండరు. పద్ధెనిమిదేళ్ళు నిండిన పూర్వవిద్యార్థులు, ఉపాధ్యాయులు తమ పేర్లు, ఫోను నంబర్లు ఒక పట్టీగా వ్రాసి, ఆసుపత్రి కోరినపుడు వంతులవారీగా వెళ్ళటం మేలు.

నోటి పొర దెబ్బతిన్నపుడు పుండ్లు పడతవి. పచ్చడి, కారం నిప్పువలె తగులుతవి. చల్లార్చిన జావ, మెత్తగా ఉడికిన పప్పన్నం దిగుతవి. వాంతులకు కారణం కొంత పేగులలోను, కొంత మెదడు అడుగున ఉన్న కేంద్రంలోను ఉన్నది. 1991 నుండి వాడుకలోనికి వచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి మందుల వల్ల ఈ బాధ చాలవరకు తగ్గింది. అయినా ప్రక్క ఇంటి తాళింపు వాసనకే కడుపులో త్రిప్పవచ్చును. ఇక్కడ ఒక వింత విషయం చెప్పవలెను. 1978లో బెర్న్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు కొందరు పిల్లలకు మందు ఇవ్వటానికి ముందు ఒక కొత్త రుచిగల ఐస్‌క్రీమ్ పెట్టించింది. తరువాత ఆ పిల్లలు ఆ రుచిని అసహ్యించుకొన్నారు. మందు వల్ల కలిగిన వికారాన్ని శరీరం తిన్న పదార్థానికి అంటగట్టుతుంది. ఇంజెక్షన్ రోజున పిల్లవానికి ఇష్టమని అమ్మమ్మ పూతరేకులు తీసుకొనిపోతే, అతడు ఆపైన వాటి ముఖం చూడకపోవచ్చును. ఇష్టమైన వంట ఆ రోజున కాక, కోలుకొన్న రోజున పెట్టటం మంచిది.

జుట్టు రాలటం ప్రమాదకరం కాదు గాని, పిల్లలను అన్నిటికంటె ఎక్కువగా కుంగదీసేది తరచు అదే. తలపై వెంట్రుకలలో నూటికి 85 పైగా ఏ సమయంలోనైనా పెరుగుదల దశలో ఉంటవి. కాబట్టి చికిత్స ఆరంభించిన రెండు మూడు వారాలకు ఊడిపోతవి. తీవ్రమైన మందులు ముగిసిన కొద్ది నెలలకు మరల మొలుస్తవి. ఈ సంగతిని జీవశాస్త్రం పాఠంలో భాగంగా తరగతికి ముందే చెబితే, బాలుడు వచ్చిన రోజున ‘గుండు’ అనే పిలుపు వినబడదు. అయితే చెప్పటానికి ముందు ఆ బాలుని, అతని తల్లిదండ్రుల అనుమతి తీసుకొనవలెను. 1948లో ఫార్బర్ వద్ద చికిత్స పొందుతున్న పన్నెండేళ్ళ కాన్సరు బాలునితో అమెరికా రేడియోలో మాట్లాడించి, అతనికి ప్రియమైన బేస్‌బాల్ జట్టు ఆటగాళ్ళను ఆసుపత్రి గదికే పంపారు. విన్నవారు పరిశోధనకు రెండు లక్షల డాలర్లకు పైగా పంపారు. అంతటి సందడిలోను అతని అసలు పేరు చెప్పలేదు, జిమ్మీ అని మారుపేరు పెట్టారు. అతడు వ్యాధి నుండి బయటపడి, పెద్దవాడై, ఏబదియేళ్ళ తరువాత 1998లో లోకానికి తెలిశాడు. రోగి ఫోటోను వాట్సాప్‌లో ఊరంతా త్రిప్పే ఈ రోజులలో ఆ జాగ్రత్త గుర్తుంచుకొనదగినది.

స్టీరాయిడ్ మందుల వల్ల బుగ్గలు ఉబ్బి, ఆకలి విపరీతమై, కోపం, ఏడుపు తరచుగా వస్తవి. అది మందు ప్రభావమే గాని పొగరు కాదు. విన్‌క్రిస్టీన్ అనే మందు పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుండి తీసినది. కణం రెండుగా చీలేటపుడు అందులో ఏర్పడే సన్నని గొట్టాలను అది చెడగొడుతుంది. నరాలలో పదార్థాలు ప్రయాణించేది కూడా అటువంటి గొట్టాల వెంటనే. అందువల్ల చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కుతవి, పాదాలు తేలవేస్తవి, దస్తూరి చెడిపోతుంది. ముత్యాలవలె వ్రాసిన పిల్లవాడు కోడిగీతలు గీస్తే మార్కులు తగ్గించక, వ్రాతపనికి అదనపు సమయం ఇవ్వవలెను. బిళ్ళగన్నేరు ఆకు రసం త్రాగించమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్ళోను ఉంటారు. ఆకులో విన్‌క్రిస్టీన్ అతి స్వల్పం, ఇతర విషపదార్థాలు మాత్రం పెక్కు. ఆ సలహా ఇవ్వకుండటమే ఉపకారం.

ధైర్యమే మందు అని చాలామంది నమ్ముతారు. దీనిని శాస్త్రజ్ఞులు పరీక్షించారు. ఇంగ్లండులో రొమ్ము కాన్సరు తొలిదశలో ఉన్న 578 మంది స్త్రీలను అయిదేళ్ళకు పైగా గమనించి 1999లో ఫలితాలు ప్రకటించారు. పోరాట మనస్తత్వం ఉన్నంత మాత్రాన ఆయుర్దాయం పెరగలేదు. పూర్తిగా నిరాశలో మునిగినవారి స్థితి మాత్రం కొంత అధ్వాన్నంగా కనిపించింది. కెనడాలో ముదిరిన రొమ్ము కాన్సరు ఉన్న 235 మంది స్త్రీలలో కొందరిని వారం వారం ఒకచోట కూర్చి మాట్లాడించారు. వారు ఎక్కువ కాలం జీవించలేదని 2001లో తేలింది. కాని వారికి నొప్పి, దుఃఖం తగ్గినవి. ఇవి పెద్దవారిపై జరిగిన పరిశోధనలే అయినా, పిల్లలతో మాట్లాడేవారు కూడా గమనించవలసినవి. ‘నీవు ధైర్యంగా ఉంటే తగ్గిపోతుంది’ అనే మాటలో ఒక చిక్కు ఉన్నది. తగ్గకపోతే తప్పు తనదే అని బాలుడు అనుకొంటాడు. భయంగా ఉన్నదని అతడు చెప్పినపుడు వినటం, ఏడిస్తే ఏడవనీయటం మేలు. ఏమి మాట్లాడవలెనో తోచనివారు ఒక ఆట చదరంగం ఆడి రావచ్చును.

మాటలు రోగకణాలను చంపలేకపోయినా, చికిత్సను చివరిదాకా నిలబెట్టటంలో తోటివారి సాయం నిజంగా ప్రాణం కాపాడవచ్చును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల మందుల భారం తగ్గింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి 1955 నుండి పేదలకు సేవ చేస్తున్నది. కాని శ్రీకాకుళం నుండి విశాఖకు, ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు పదే పదే తిరిగే ఖర్చు, తండ్రి కోల్పోయే కూలి ఏ పథకంలోను పూర్తిగా లెక్కకు రావు. కాన్సరు రోగికి, తోడు వెళ్ళేవారికి రైలు చార్జీలో రాయితీ ఉన్నది. ఆ పత్రం నింపించి ఇవ్వగలిగిన ఉపాధ్యాయులు ప్రతి ఊళ్ళోను ఉన్నారు. ఇంట్లో ఉన్న చెల్లెలికి రెండు పూటలా అన్నం పెట్టే పొరుగిల్లు ఉంటే తల్లి ఆసుపత్రిలో నిశ్చింతగా ఉండగలదు.

తీవ్రదశ ముగిసిన తరువాత రెండేళ్ళకు అటూ ఇటుగా పోషక చికిత్స జరుగుతుంది. ఇందులో మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ ఇంటివద్దనే వేసుకొనవలెను. జుట్టు మొలుస్తుంది, పిల్లవాడు బడికి వస్తాడు, అందరూ తగ్గిపోయిందనే అనుకొంటారు. అమెరికాలో కొందరు పరిశోధకులు మందు సీసా మూతలో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి, సీసా తెరచిన తేదీలను లెక్కించారు. నూటికి 95 కన్న తక్కువ మోతాదులు వేసుకొన్నవారిలో వ్యాధి తిరుగబెట్టటం స్పష్టంగా ఎక్కువ అని 2012లో వెల్లడించారు. నెలకు రెండు మాత్రలు తప్పితే చాలు, లెక్క ఆ గీత క్రిందికి దిగిపోతుంది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలే ఎక్కువగా తప్పినారు. అంటే సరిగా ఉన్నత పాఠశాల వయస్సువారే. తల్లి గుర్తు చేస్తే విసుక్కొనే ఈ వయస్సులో స్నేహితుని మాట చెల్లుతుంది. రాత్రి తొమ్మిదింటికి ‘మాత్ర వేసుకొన్నావా?’ అని ఫోను చేసే మిత్రుడు, ఆసుపత్రికి వెళ్ళిన రోజు పాఠాన్ని నోట్సులో ఎత్తి ఉంచే బల్లతోడు, ఆ తేదీ ముందే కనుక్కొని యూనిట్ పరీక్షను మరొక రోజుకు మార్చే ప్రధానోపాధ్యాయుడు ఉంటే, ఆ బాలుడు మందునూ, చదువునూ రెంటినీ నెట్టుకొని రాగలుగుతాడు.