రాజు లేని కొలువు

దర్బారు పేరు మార్చుకుంది, ఆస్థానం అలంకారమైంది. రాజసభకు పేరైన ఓ తెలుగు మాట మాత్రం రిసాలి క్వార్టర్ల దాకా ప్రయాణించి నెలజీతంగా స్థిరపడింది

దసరాకో సంక్రాంతికో భిలాయిలోని రిసాలి సెక్టార్‌లో ఓ తెలుగువారి క్వార్టర్‌లోకి అడుగుపెడితే మెట్లు మెట్లుగా పరిచిన తెల్లగుడ్డ మీద బొమ్మలు కనిపించవచ్చు. పైమెట్టున రాముడి పట్టాభిషేకం, ఆ కింద దశావతారాలు, మరో మెట్టున పెళ్లివారు, శెట్టిగారి దుకాణం, అడుగున పిల్లలు ఆడి వదిలేసిన ప్లాస్టిక్ రైలు. దాని పేరు బొమ్మల కొలువు. శ్రీకాకుళమో విజయనగరమో విడిచి ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు అని అదే ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే సమాధానానికీ అదే మాట సరిపోతుంది: కొలువు కోసం.

ఒకటి రాజు కూర్చునే సభ. మరొకటి ఒకటో తారీఖున జీతమిచ్చే ఉద్యోగం. ఈ రెంటినీ ఒక్క మాటలో ఇమిడ్చిన ఘనత తెలుగుది. అందుకే కొలువు అర్థాలను వెతుక్కుంటూ వెళితే అది నిఘంటువు దగ్గర ఆగదు. విరాటుడి నగరం, తిరుమల గర్భగుడి, జగదల్‌పూర్ దర్బారు మీదుగా సాగి ఉక్కు కర్మాగారం గేటు దగ్గర తేలుతుంది.

కొలిచేవాళ్లూ కొలువుదీరేవాళ్లూ

మూలం 'కొలుచు' అనే క్రియ. సేవించడం, ఆరాధించడం దాని అర్థాలు. దేవుణ్ని కొలుస్తాం, దొరను కొలుస్తాం. (గింజలను కుంచంతో కొలవడానికీ ఇదే రూపం వాడతాం గానీ దాని దారి వేరు.) కొలిచే పని కొలువు, కొలిచే చోటు కొలువు, కొలిపించుకునేవాడు కూర్చుంటే కొలువుదీరడం. సేవకుడి వైపు నుంచి చూస్తే అది ఉద్యోగం, రాజు వైపు నుంచి చూస్తే సభ. 1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ నిఘంటువు నాటికే ఈ రెండర్థాలూ పక్కపక్కన ఉన్నాయి. అంటే కొలువుకు ఉద్యోగమనే అర్థం నిన్నమొన్నటి పత్రికల శీర్షికలు కల్పించింది కాదు.

రాజసభకు తెలుగులో పర్యాయపదాలకు కొదవలేదు. కొలువుకూటం, ఓలగం, పేరోలగం, ఆస్థానం, సభ, సదస్సు, హజారం, దర్బారు. కానీ ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. పేరోలగంలోని 'పేరు'కు నామధేయంతో సంబంధం లేదు, దానికి పెద్ద అని అర్థం. పెద్ద ఓలగం పేరోలగం, అంటే నిండు సభ. కన్నడంలోనూ ఓలగ అంటే రాజసభే, సేవే. ఆ మాట అక్కడ చివరికి పెళ్లిళ్లలో మోగే సన్నాయి మేళానికీ పేరైంది. సభ, సేవ ఒకే మాటలో కలిసి ఉండటం ఒక్క తెలుగు ప్రత్యేకతే కాదన్నమాట.

ఆస్థానం సంస్కృతం, 'నిలుచు' అనే ధాతువు నుంచి వచ్చింది. దర్బారు పారశీకం. అందులోని 'దర్' అంటే ద్వారం. లోపలికి రానిస్తారా లేదా అన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. హజారమంటే రాజభవనపు ముందరి చావడి. హంపీలోని హజార రామాలయం పేరు వినగానే వెయ్యిమంది రాముళ్లు గుర్తొస్తారు గానీ, రాచనగరి హజారం దగ్గరుండటం వల్లే ఆ గుడికి ఆ పేరు వచ్చిందని చెప్పే పండితులున్నారు.

వీటన్నిటిలో వాడుకలో బతికి బట్టకట్టింది కొలువే. మంత్రివర్గం కొలువుదీరుతుంది. అమ్మవారు కొండ మీద కొలువై ఉంటుంది. నిరుద్యోగి సర్కారు కొలువు కోసం కోచింగ్ సెంటర్‌లో చేరతాడు. మంత్రి, దేవత, నిరుద్యోగి ఒకే మాటను పంచుకోవడం అరుదు.

కంకుడి నుంచి నౌకరు దాకా

ఉద్యోగమన్న అర్థంలో కొలువుకు మహాభారతంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అజ్ఞాతవాసంలో పాండవులు పొరుగు రాజ్యం వెళ్లి, సొంత పేర్లు దాచుకుని, విరాటుడి కొలువులో చేరారు. ధర్మరాజు కంకుడిగా, భీముడు వంటశాలలో వలలుడిగా, అర్జునుడు నాట్యాచార్యుడు బృహన్నలగా. బయల్దేరేముందు పురోహితుడు ధౌమ్యుడు వారికి రాజును సేవించే పద్ధతులు చెబుతాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి, అంతఃపురం సంగతులకు ఎంత దూరంగా ఉండాలి. తెలుగు పాఠకులకు తిక్కన విరాటపర్వం ద్వారా అందిన ఈ భాగం ఒకరకంగా మన సాహిత్యంలోని ఉద్యోగ నియమావళి. రాజ్యమేలినవారికే ఇది తప్పలేదు. తమాషా ఏమిటంటే 'ఉద్యోగం' అన్న మాటకు అదే భారతంలో అర్థం ప్రయత్నం, పూనిక. ఉద్యోగపర్వం యుద్ధానికి సన్నాహాల పర్వం. నేడు జంటకవుల్లా కలిసి తిరుగుతున్న కొలువు, ఉద్యోగం అప్పట్లో ఒకదానికొకటి ఏమీ కావు.

హిందీలో ఆ స్థానం నౌకరీది. దానిదీ రాచపుట్టుకే. మంగోలు భాషలో 'నోకర్' అంటే నాయకుణ్ని నమ్మి వెంట నడిచే సహచరుడు. చెంఘిజ్ ఖాన్ తొలి బలగం అలాంటి నోకర్లే. ఆ మాట పారశీకం గుండా భారతదేశానికి చేరింది. ఉత్తరాది పల్లెల్లో యువకులు ఇల్లు వదిలి దూరదేశాల్లో ఏదో ఒక ప్రభువు దగ్గర కత్తి పట్టడాన్ని నౌకరీ అనేవారని డచ్ చరిత్రకారుడు డిర్క్ కోల్ఫ్ 1990లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. ఇంటి పనిమనిషిని నౌకరు అనడం ఆ మాట దిగజారిన తర్వాతి సంగతి. ఇల్లు విడవడం, ఓ పెద్ద నీడకు చేరడం, ఏటా పండక్కి తిరిగి రావడం. కత్తి తీసేసి హెల్మెట్ పెడితే ఆ వర్ణన భిలాయి కార్మికుడిది.

ఉక్కు కొలువు

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం భిలాయి కర్మాగారం వచ్చింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ వెలుగుకు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి రాయపూర్ రైలెక్కినవారూ అందులో ఉన్నారు. వారికి కర్మాగారం జీతంతోపాటు క్వార్టరిచ్చింది, పిల్లలకు బడినిచ్చింది, జబ్బు చేస్తే ఆస్పత్రినిచ్చింది. సెక్టార్ 5లో తెలుగువారు బాలాజీకి గుడి కట్టుకున్నారు. హిందీ ఇరుగుపొరుగుకు తెలుగువారిలో చాలామంది 'రావు గారు' అయ్యారు. రావు అంటే 'రాయ', అంటే రాజే. పేరులో రాజు, చేసేది కొలువు.

ఈ ఊళ్లో రెండు దశాబ్దాలకు పైగా వస్తూపోతూ పరిశోధన చేసిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆయన గమనించిన ప్రధాన విషయం రెండు మాటల మధ్య తేడా: నౌకరీ, కామ్. కర్మాగారం పట్టీలో పేరుంటే అది నౌకరీ. కాంట్రాక్టరు కింద, అదే కొలిమి పక్కన, అంతకంటే ఎక్కువ చెమటోడ్చినా అది కామ్. తెలుగులో చెప్పాలంటే మొదటిది కొలువు, రెండోది పని. ఈ తేడా ఒక్క జీతంతో ఆగదు. ఎక్కడ ఉంటారు, పిల్లలు ఏం చదువుతారు, పెళ్లి సంబంధం ఎక్కడ నుంచి వస్తుంది అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఇద్దరూ కార్మికులే అయినా ఇద్దరిదీ ఒకే వర్గం కాదన్నది ప్యారీ వాదన.

ఆ కొలువులు కరుగుతూ వచ్చాయి. 1980లలో 60 వేలు దాటిన శాశ్వత కార్మికుల సంఖ్య ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో సగానికి పైగా పడిపోయింది. పదవీ విరమణ చేసినవారి స్థానాలు చాలావరకు కాంట్రాక్టు పనిగా మారాయి. కాంట్రాక్టు కార్మికుల హక్కుల కోసం నిలబడిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా డజనుకు పైగా చనిపోయారు. వారు అడిగినదాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే, చేస్తున్న పనిని కొలువుగా గుర్తించమన్నారు.

వినేవాడే ప్రభువు

ఇక్కడే కొలువు రెండో అర్థం గుర్తుచేసుకోవాలి. కొలిచేవాడికి బాధ్యతలున్నట్టే కొలువుదీరినవాడికీ ఒకటుంది: వినడం. తిరుమలలో ప్రతి ఉదయం తోమాలసేవ తర్వాత కొలువు శ్రీనివాసమూర్తి ఆసీనుడవుతాడు. అర్చకులు ఆయనకు ఆనాటి పంచాంగం వినిపిస్తారు, ముందురోజు హుండీ ఆదాయం లెక్క చదువుతారు. ఆ తర్వాతే బెల్లం, శొంఠి కలిపి దంచిన నువ్వుల నైవేద్యం. సాక్షాత్తూ దేవుడే రోజూ లెక్కలు వినాలన్నది ఆ ఆచారంలోని మర్యాద.

ఛత్తీస్‌గఢ్‌లోనే దీనికి ఓ మానవ రూపముంది. రిసాలికి దక్షిణంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని జగదల్‌పూర్ బస్తర్ రాజుల రాజధాని. ఓరుగల్లు పతనం తర్వాత అటు వెళ్లిన ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు తమ మూలపురుషుడని ఆ వంశం చెప్పుకుంటుంది. భిలాయి తెలుగువారికంటే ఆరు శతాబ్దాల ముందు ఆ దారిన వెళ్లిన తెలుగు కథ అది. అక్కడి 75 రోజుల దసరాలో ఒకరోజు మురియా దర్బార్ జరుగుతుంది. పరగణాల పెద్దలు లేచి నిలబడి కష్టాలు చెబుతారు. 1876లో మురియాల తిరుగుబాటుతో ముడిపడిన ఈ ఆచారంలో ఒకప్పుడు వినేవాడు రాజు. సంస్థానం 1948లో విలీనమయ్యాక, రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న సొంత కోటలోనే పోలీసు కాల్పుల్లో మరణించాక కూడా దర్బారు ఆగలేదు. కుర్చీలో ముఖ్యమంత్రి కూర్చుంటున్నారు. పేరు మాత్రం దర్బారే.

ఇతర చోట్ల ఆ పేరు ఇబ్బందిగా మారింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం కొలువుదీరిన మర్నాడే మొదలైన ప్రజాదర్బార్ కొద్దిరోజుల్లోనే ప్రజావాణి అయింది. రాష్ట్రపతి భవన్‌లోని దర్బార్ హాల్ 2024 జూలైలో గణతంత్ర మండపమైంది. ఆస్థానం కథ ఇంకా విచిత్రం. నిజాం పాలనపై కలమెత్తి జైలుకెళ్లిన దాశరథి 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆస్థాన కవి అయ్యారు. రాజరికాన్ని ధిక్కరించిన కవికి రాజరికపు మాటతోనే సత్కారం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవినే ఎత్తేసింది. దర్బారు, ఆస్థానం అనగానే ప్రజాస్వామ్యానికి సింహాసనం కనిపిస్తుంది, అది తొలగించాలనిపిస్తుంది. తప్పేమీ కాదు. అయితే పలక మార్చినంత తేలిక కాదు, పలక కింద అర్జీ పట్టుకుని నిలబడ్డ మనిషి మాట వినడం.

కొలువును మాత్రం ఎవరూ మార్చలేదు. అది రాజరికపు మాటని తోచకపోవడమే కారణం. సింహాసనం పోయినా, నా కష్టానికి గుర్తింపు, నా మాటకు వినేవాడు ఉండాలన్న ఆశ ఆ మాటలో మిగిలిపోయింది.

భిలాయి కార్పొరేషన్ నుంచి 2019లో విడిపోయిన రిసాలికి ఇప్పుడు సొంత నగరపాలక సంస్థ ఉంది. 2021 డిసెంబర్‌లో తొలి ఎన్నికలు జరిగి దాని పాలకవర్గమూ కొలువుదీరింది. కర్మాగారంలో తాతలకు దొరికిన కొలువు మాత్రం మనవళ్లలో చాలామందికి దొరకదు. కొందరు కాంట్రాక్టరు దగ్గర చేరతారు, కొందరు హైదరాబాద్, పుణె రైలెక్కుతారు. ఏం చేస్తున్నావని అడిగితే హిందీలో వచ్చే సమాధానం 'కామ్' అనే.

దసరాకు మళ్లీ మెట్లు కడతారు. పైమెట్టున రాముడు కొలువుదీరతాడు. కొలువంటే ఏమిటని ఆ ఇంటి పాప అడిగితే బొమ్మల వైపు చూపించడం తేలిక. కింది మెట్టున చేతులు కట్టుకు నిలబడ్డ బొమ్మల వైపు కూడా చూపిస్తే అర్థం పూర్తవుతుంది.