చెబితేనే తెలిసే జబ్బు

తార్నాకలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టగానే ఎవరో ఒకరు, "మీకేమండీ, నిక్షేపంలా ఉన్నారు!" అంటారు. నా నిక్షేపం సంగతి 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కాలేజీ మెట్లకే తెలుసు.

నాది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి కీళ్ళపై పడుతుంది. పొద్దుట బిగుసుకున్న వేళ్ళు మధ్యాహ్నానికి సడలుతాయి. అందుచేత చూచేవారికి అదంతా వేషం.

2016 నాటి చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. ఈ జబ్బుకు అందులో విడిగా పేరు లేదు. నోరు విప్పవలసింది మనమే.

ఏళ్ళ తరబడి "పరవాలేదు" అంటూ నెట్టుకొచ్చాను. చివరకు ఒకనాడు తోటి అధ్యాపకులతో, "పదింటికి ముందు సుద్దముక్క పట్టలేను, పదకొండుకైతే రెండు పాఠాలు చెబుతాను" అన్నాను.

"ఈ ముక్క ముందే చెప్పకపోయారా!" అంటూ ఆయన పీరియడు మార్చుకున్నారు.

బాగాలేదంటే జాలిపడిన మనిషే, ఇంతవరకు చేయగలనంటే చేయి అందించాడు.