మన వేంగి: అపోహలు – వాస్తవాలు

ఆంధ్రుల రాజధానులు ఏవని మన పిల్లల్ని అడిగితే అమరావతి, కర్నూలు, హైదరాబాదు అని తడుముకోకుండా చెబుతారు. పెదవేగి పేరు ఎవరి నోటా రాదు. ఏలూరుకు ఉత్తరాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరే ఒకనాటి వేంగీపురం. కృష్ణా గోదావరుల నడుమ నేలకు వేంగినాడు అనే పేరు ఈ నగరం వల్లే వచ్చింది. కామవరపుకోట నుంచి కొల్లేటి దాకా మనందరిదీ ఆ రాజధాని చుట్టూ పెరిగిన సీమే. అయినా ఈ నగరం గురించి మనలో పాతుకుపోయిన అపోహలు చాలానే ఉన్నాయి. శాసనాలు చెప్పేదేమిటో చూద్దాం.

అపోహ: వేంగిని కట్టింది తూర్పు చాళుక్యులు.

వాస్తవం: చాళుక్యులు వచ్చేనాటికే వేంగి పాత నగరం. నాలుగో శతాబ్దం నడుమ సముద్రగుప్తుడు దక్షిణాదిన ఓడించిన రాజుల పేర్లు అలహాబాదు స్తంభం మీద చెక్కించాడు. అందులో వేంగి పాలకుడు హస్తివర్మ పేరుంది. ఆయన శాలంకాయన వంశీయుడు. ఆ వంశంలోని దేవవర్మ వేంగీపురం నుంచి జారీ చేసిన ప్రాకృత తామ్రశాసనంలో ఏలూరు పేరు కూడా కనిపిస్తుంది. అంటే ఏలూరు కూడా అంత పాతదే. శాలంకాయనుల తరువాత విష్ణుకుండినులు ఏలారు. ఆ పైన చాళుక్య రెండో పులకేశి ఈ సీమ మీదికి దండెత్తాడు. 634 నాటి ఐహోలు శాసనం, కునాల జలాలు నెత్తురుతో ఎర్రబడ్డాయని ఆ యుద్ధాన్ని వర్ణించింది. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624 ప్రాంతంలో స్థాపించిందే తూర్పు చాళుక్య రాజ్యం. మొదట పిఠాపురం, తరువాత వేంగి దానికి రాజధానులయ్యాయి. నగరానికి అప్పటికే దాదాపు మూడు శతాబ్దాల వయసుంది.

అపోహ: అంత పెద్ద రాజధానే అయితే కోటగోడలు, రాజభవనాలు ఏవి? ఇదంతా కట్టుకథ.

వాస్తవం: ఇక్కడి నిర్మాణాలకు ప్రధాన సరుకు ఇటుక, మట్టి, కలప. కలప చివికిపోతుంది, మట్టి కరిగిపోతుంది, ఇటుకను తరువాతి తరాలు ఊడబెరికి సొంత ఇళ్లకు వాడుకుంటాయి. మిగిలింది దిబ్బ. పెదవేగిలో, దెందులూరులో కనిపించే దిబ్బలు అలా మిగిలినవే. 1980లలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ పెదవేగిలో తవ్వకాలు జరిపితే ఇటుక కట్టడాల పునాదులు బయటపడ్డాయి. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, రాజధాని చుట్టుకొలత ఇరవై లీలని రాశాడు. లీ అన్నది చైనా దూరమానం, మన లెక్కలో అర కిలోమీటరుకు కాస్త అటూఇటూ. ఆయన పేర్కొన్న నగరం వేంగేనని చాలామంది పండితుల అభిప్రాయం.

అపోహ: గుంటుపల్లి గుహలు పాండవులు వనవాసంలో తొలిచినవి.

వాస్తవం: కామవరపుకోట మండలంలోనే, జీలకర్రగూడెం పక్క కొండ మీద ఉన్న ఈ గుహలు బౌద్ధ భిక్షువులవి. వీటిలో పాతవి క్రీస్తుకు పూర్వం నాటివి. అక్కడి గుండ్రటి చైత్యగుహలోకి వెళ్లి తల పైకెత్తి చూడండి. గొడుగు లోపలి ఊచల్లా కప్పు నిండా రాతి దూలాలు పరచుకుని ఉంటాయి. నిజానికి రాతి కప్పుకు దూలాల అవసరం లేదు. అప్పటి కొయ్య కట్టడాల తీరు శిల్పుల చేతికి అలవాటు కనుక, కొండను తొలిచేటప్పుడూ ఆ దూలాలను విడవకుండా చెక్కారు. బీహారులోని బరాబరు గుహల్లోనూ ఇదే పోకడ ఉంది. నడుమ ఉన్నది స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు దారి. ఆ స్తూపాన్నే ఊరివారు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తున్నారు. ఆ భక్తి వల్లే గుహ చెక్కుచెదరకుండా నిలిచిందని కూడా ఒప్పుకోవాలి. మహామేఘవాహన వంశానికి చెందిన సిరి సద అనే రాజు దగ్గర లేఖకుడు చూళగోముడు ఇక్కడ మండపం దానం చేసినట్లు స్తంభాల మీద శాసనం ఉంది. పాండవుల ప్రస్తావన ఏ శాసనంలోనూ లేదు.

అపోహ: రాజరాజ నరేంద్రుడు వేంగిలో కొలువుదీరి నన్నయ చేత భారతం రాయించాడు. రాజమహేంద్రవరానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది.

వాస్తవం: 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజు వేంగి రాజ్యానికి ప్రభువే, కానీ ఆయన కొలువు రాజమహేంద్రవరంలో. పదో శతాబ్దంలో రాజమహేంద్ర బిరుదు ధరించిన అమ్మరాజు పేరు మీద ఆ నగరం వెలసిందని చరిత్రకారులు చెబుతారు. రాజధాని గోదావరి ఒడ్డుకు తరలినా రాజ్యానికి వేంగి పేరే నిలిచిపోయింది. గందరగోళమంతా అక్కడే పుట్టింది. రాజధాని మారితే పాత నగరం నాశనమైపోయిందనుకోనక్కరలేదు. బ్రెజిల్ రాజధాని 1763లో సాల్వడార్ నుంచి రియోకు, 1960లో రియో నుంచి బ్రసీలియాకు మారింది. మూడు నగరాలూ నేటికీ బతికే ఉన్నాయి. మన సీమా పాడుబడిపోలేదు. చోళ చక్రవర్తి విక్రమ చోళుడి ప్రశస్తి కొలను ప్రభువు తెలుగు భీముడిపై గెలుపును చెప్పుకుంటుంది. కొల్లేటి అంచున బలమైన పాలకులు ఉండబట్టే చక్రవర్తి ఆ గెలుపును గొప్పగా చాటుకున్నాడు.

అపోహ: నన్నయకు ముందు ఈ రాజ్యంలో తెలుగుకు చోటు లేదు.

వాస్తవం: కుబ్జ విష్ణువర్ధనుడి కొడుకు జయసింహుడి విప్పర్ల శాసనం ఏడో శతాబ్దంలోనే తెలుగులో ఉంది. గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడి అద్దంకి శాసనంలో, తొమ్మిదో శతాబ్దం నాటికే, తరువోజ పద్యం ఉంది. నన్నయ మహాకవి నిలబడింది రెండు శతాబ్దాలకు పైగా సాగిన పద్య సంప్రదాయం మీద.

అపోహ: చోళులు వేంగిని కత్తితో జయించి కలిపేసుకున్నారు.

వాస్తవం: యుద్ధాలు జరిగిన మాట నిజం. రెండు రాజ్యాలనూ కలిపింది మాత్రం వియ్యం. విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవ్వను పెళ్లాడాడు. వారి కొడుకు రాజరాజ నరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వారి కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. కంచి, తంజావూరు ఏలిన చక్రవర్తికి తండ్రిగారి ఇల్లు వేంగి.

అపోహ: దిబ్బల కింద బంగారం నిధులున్నాయి.

వాస్తవం: మన నేల ఇచ్చిన అసలు నిధి రాగిరేకులు. అక్షరాలు చెక్కిన రేకులను ఒక కడియానికి గుచ్చి, దానికి రాజముద్ర అతికేవారు. శాలంకాయనుల ముద్ర మీద వృషభం, తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం, అంకుశం, శ్రీ త్రిభువనాంకుశ అనే అక్షరాలు ఉంటాయి. పైన చెప్పుకున్న సంగతుల్లో చాలావాటికి ఆధారం ఇలాంటి శాసనాలే. వాటిని కరిగిస్తే దక్కేది గుప్పెడు రాగి, పోయేది ఒక రాజు చరిత్ర.

కాబట్టి పొలం దున్నేటప్పుడో, చెరువు పూడిక తీసేటప్పుడో రేకులు, నాణేలు, శిల్పాలు దొరికితే దాచకండి, కరిగించకండి. 1878 నాటి చట్టం ప్రకారం నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి, దాచిపెట్టడం నేరం. దిబ్బల ఇటుకలు తీయవద్దని ఊళ్లో పెద్దలే కట్టుబాటు పెట్టాలి. బడి పంతుళ్లు విహారయాత్రకు దూరాలు వెతుక్కునే ముందు పిల్లల్ని ఒక్కసారి గుంటుపల్లికి, పెదవేగికి తీసుకెళ్లాలి. తాము పుట్టింది ఒక పాత రాజధాని నీడలోనని వారికి చెప్పాల్సిన బాధ్యత మనదే.