పాత మానిటర్ తెర ఎందుకు మిణుకుమంటుంది?

డబ్బాలా ఉండే పాత మానిటర్‌ను ఓరకంట చూస్తే తెర వణుకుతున్నట్టు ఉంటుంది. ఎందుకు?

దాని గాజు గొట్టంలో వెనక నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల పుంజం, తెర లోపలివైపు పూసిన ఫాస్ఫర్‌ను తాకుతుంది. తాకినచోట వెలుగు పుట్టి వెంటనే ఆరిపోతుంది. అందుకే పుంజం పై నుంచి కిందికి గీత తర్వాత గీత గీస్తూ బొమ్మను మళ్లీ మళ్లీ వేస్తూనే ఉండాలి. సెకనుకు ఎన్నిసార్లు వేస్తుందో అదే రిఫ్రెష్ రేటు. 60 సార్లయితే చాలామంది కళ్లు మిణుకును పసిగడతాయి. 85 అయితే బొమ్మ నిలకడగా కనిపిస్తుంది.

మరి రిజల్యూషన్ కూడా పెంచేస్తే? గీతలు పెరుగుతాయి! సెకనుకు 70 వేల గీతలు గీయగల మానిటర్‌నే తీసుకోండి. పుంజం తిరిగి పైకి వెళ్లే సమయాన్నీ కలుపుకుంటే, 1024×768 బొమ్మను 85 సార్లు వేయడానికి దాదాపు 69 వేల గీతల పని. సరిపోతుంది. 1280×1024 అయితే 91 వేలు. అది దాని శక్తికి మించిన పని. 60కి దిగాల్సిందే, మిణుకు మళ్లీ మొదలు.

ఎలా ఎంచుకోవాలి? ముందు కంటికి హాయినిచ్చే రేటు, తర్వాత దానికి అందే రిజల్యూషన్. మానిటర్‌తో వచ్చిన పుస్తకంలోని హద్దు మాత్రం దాటకండి.